పీటర్ రాబిట్ రచయిత్రి మొదటి పుస్తకాన్ని సొంత డబ్బుతో అచ్చేసుకుందట, ఆ దారి మనకూ కుదురుతుందా?

మీరు అడిగినవాటిలో ముఖ్యమైనవి రెండు, ఆవిడ జీవితం గురించీ, ఆ కథను తెలుగు చేయడం గురించీ చివర్లో చెప్తాను. పీటర్ రాబిట్ అనే కుందేలు కథ రాసి బొమ్మలు వేసిన ఇంగ్లీషు రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ నిజంగానే తన పుస్తకం తనే వేసుకుందా? బొమ్మల కథ చేతిలో పెట్టుకుని ప్రచురణకర్తల చుట్టూ తిరుగుతున్న మీకు అది పనికొస్తుందా? మొదటిదానికి జవాబు అవును. రెండోదానికి కూడా అవుననే చెప్తాను గానీ, ఆవిడ డబ్బు పెట్టడానికి ముందు చేసిన పనిని కూడా మీరు చేస్తేనే.

1893 సెప్టెంబరు 4న, తనకు ఇంట్లో చదువు చెప్పిన పాత గవర్నెస్ కొడుకు నోయెల్ మూర్ అనే అయిదేళ్ల పిల్లవాడు జబ్బుపడితే, స్కాట్లండ్ నుంచి బొమ్మలు గీసి ఆవిడ ఒక ఉత్తరం రాసింది. అదే పీటర్ కథకు మొదటి రూపం. పుస్తకం చేద్దామన్న ఆలోచన వచ్చేసరికి ఏడేళ్లు గడిచాయి. పిల్లవాడు ఉత్తరం దాచుకున్నాడు కాబట్టి సరిపోయింది, అడిగి తెప్పించుకుని బొమ్మలకు నకలు తీసుకుంది. అప్పటికి ఆవిడ కొత్త చేయి కాదు. 1890లోనే పండగ కార్డుల కోసం కుందేలు బొమ్మలు ఆరు పౌండ్లకు అమ్మింది. పుట్టగొడుగుల మీద ఏళ్ల తరబడి పనిచేసి, 1897లో లండన్‌లోని ప్రకృతి శాస్త్రవేత్తల సంఘం లిన్నేయన్ సొసైటీకి పరిశోధన పత్రం పంపింది. ఆడవాళ్లకు ఆ సభలోకి ప్రవేశం లేదు కాబట్టి వేరొకరు సమర్పించారు. ఈ సాధన బొమ్మల్లో తెలుస్తుంది. కుందేలుకు కోటు తొడిగినా కాలు వంగాల్సిన చోటే వంగుతుంది.

కనీసం ఆరుగురు ప్రచురణకర్తలు వద్దన్నారు. కథ బాగాలేదని మాత్రమే అనుకోకండి, అసలు పేచీ పుస్తకం ఆకారం దగ్గర వచ్చింది. వాళ్లకు పెద్ద సైజు కావాలి, రంగులు కావాలి. ఈవిడకేమో చిన్న పిల్లల చేతిలో ఇమిడే పుస్తకం కావాలి, ధర తక్కువుండాలి. ఆరు షిల్లింగుల పెద్ద పుస్తకం ఒకటి వేయడం కంటే షిల్లింగు పుస్తకాలు రెండు మూడు వేయడం మేలని ఆవిడ లెక్క. (షిల్లింగంటే అప్పటి పౌండులో ఇరవయ్యో వంతు, పన్నెండు పెన్నీలు.) ఎవరూ దిగిరాకపోయేసరికి 1901 డిసెంబరులో 250 ప్రతులు తనే వేయించుకుంది. లోపల బొమ్మలన్నీ నలుపు తెలుపు, ముందు పేజీ బొమ్మ ఒక్కటే రంగుల్లో. బంధువులకు, తెలిసినవాళ్లకు కొన్ని ఇచ్చి, మిగతావి ఒక షిల్లింగు రెండు పెన్నీలకు అమ్మింది. 1902 ఫిబ్రవరిలో మరో 200 ప్రతులు వేయాల్సి వచ్చింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ 450 ప్రతుల మీద ఆవిడ బతకలేదు. అంతకుముందు కాదన్నవాళ్లలో ఒకరైన ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ, బొమ్మలకు రంగులు వేసిస్తే ప్రచురిస్తామని మళ్లీ ముందుకొచ్చింది. ఆవిడ రంగుల విషయంలో మెత్తబడింది, బొమ్మల సంఖ్య తగ్గించడానికీ ఒప్పుకుంది, సైజు మాత్రం వదల్లేదు. 1902 అక్టోబరులో 8,000 ప్రతులతో వచ్చిన ఆ ముద్రణ విడుదలకు ముందే ఖాళీ అయింది. అట్ట బైండుకు ఒక షిల్లింగు, గుడ్డ బైండుకు ఒకటిన్నర. సొంత ముద్రణ ఆవిడకు నమూనాగా పనికొచ్చింది. పుస్తకం చేతిలో పెట్టి చూపించడం వేరు, రాతప్రతి చూపించడం వేరు.

ఆ నమూనా కొలతలు చూడండి. సుమారు అయిదున్నర అంగుళాల పొడవు, నాలుగంగుళాల పైచిలుకు వెడల్పు. కథ మొత్తం 950 మాటలకు అటూ ఇటూ. ఎడమ కుడి పేజీల్లో ఒకవైపు బొమ్మ, ఎదురుగా నాలుగు ముక్కలు. బొమ్మకు సగటున ముప్పై మాటలు. పేజీ తిప్పేలోపు ఒకే సంగతి జరుగుతుంది. పీటర్ తండ్రిని వండేసిన సంగతి కూడా సాగదీయకుండా ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది.

తెలుగులో ఈ లెక్కను మాటల్లో వేయకండి, వరుసల్లో వేయండి. మనకు విభక్తులూ క్రియలూ అతుక్కుని ఒక్కో మాట పొడుగవుతుంది, కాబట్టి మాటలు తగ్గినట్టు కనిపించినా చోటు తగ్గదు. అయిదారేళ్ల పిల్లలకైతే పేజీకి ఆరేడు వరుసలు దాటితే బొమ్మ నలిగిపోతుంది. అక్షరం 18 పాయింట్లకు తగ్గనివ్వకండి. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు పుస్తకం కంటే ఎక్కువ పెట్టించండి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. డి.టి.పి. చేసేవాళ్లు, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చేవాళ్లు, ఎడాన్ని ఆటోమేటిక్ సెట్టింగుకు వదిలేస్తే జరిగేది అదే. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు పెట్టే సరదా ఉంటే మానుకోండి. రంగుల ముద్రణలో ఒకదాని మీద ఒకటి అచ్చయ్యే నాలుగు రంగుల ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్నటి గీతలు పూడిపోతాయి. అక్షరాలు నలుపు ప్లేటులోనే ఉండాలని ప్రెస్సువాళ్లకు ముందే చెప్పండి.

పేజీలు 32 అనుకోండి. మధ్య మడతలో పిన్ను కొట్టే (సెంటర్ పిన్) పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. ప్లేట్లతో అచ్చేసే ఆఫ్‌సెట్‌లో 16 పేజీల ఫారాలు (ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చేసి మడిచే పేజీలు) రెండైతే వృథా ఉండదు. పేరు పేజీ, హక్కుల పేజీ, అంకితం పోగా కథకు 28 లేదా 29 మిగులుతాయి. అంటే పద్నాలుగు జతలు. మీ కథను పద్నాలుగు ఘట్టాలుగా విడగొట్టండి. ఎనిమిదే వస్తే కథ చిన్నది, ఇరవై వస్తే ఎక్కడో ఉపకథ దూరింది. తర్వాత తెల్లకాగితాలు మడిచి పిన్ను కొట్టి డమ్మీ చేయండి, పెన్సిల్‌తో రాసి, ఒక పిల్లవాడికి చదివి వినిపించండి. మీరు ఊహించని చోట వాడు పేజీ తిప్పబోతే అక్కడ మాటలు ఎక్కువైనట్టే. బొమ్మలు వేయించడం ఈ డమ్మీ కుదిరాకే. ముందే వేయించేసి, తర్వాత కథ మార్చుకుని, చిత్రకారుడికి రెండోసారి డబ్బు ఇచ్చుకోవడం మన దగ్గర మామూలైపోయింది.

ఎన్ని ప్రతులు? రెండు మూడు వందలే అయితే డిజిటల్ ముద్రణ. వెయ్యికి వెళితేనే ఆఫ్‌సెట్ ప్లేట్ల ఖర్చు గిట్టుతుంది. తొలిసారికి పాటర్ లెక్కే మంచిది, రెండు వందల యాభై. పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య ఐ.ఎస్.బి.ఎన్. మన దేశంలో ఉచితం, దానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు.

ఇక హక్కుల పత్రాల సంగతి. ఆవిడకు పెద్ద దెబ్బ అక్కడే తగిలింది. వార్న్ కంపెనీ అమెరికాలో హక్కులు నమోదు చేయలేదు. 1903 నుంచే అక్కడ దొంగ ముద్రణలు వచ్చాయి, ఆవిడకు పైసా రాలేదు. దాంతో నేర్చుకుంది. తన చేత్తో కుట్టిన పీటర్ గుడ్డబొమ్మను అదే ఏడాది డిసెంబరులో లండన్ పేటెంటు కార్యాలయంలో నమోదు చేయించింది. 1917లో ఆ కంపెనీ నడిపే హెరాల్డ్ వార్న్ ఫోర్జరీ కేసులో జైలుకెళ్లి కంపెనీ మునిగే స్థితికి వస్తే, ఆవిడకు రావలసిన బాకీలూ ఇరుక్కున్నాయి. పాత బొమ్మలు వెతికి కొత్త పుస్తకం ఇచ్చి వాళ్లను నిలబెట్టింది.

మీరు చిత్రకారుడితో, ప్రచురణకర్తతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. మన కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీలో గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. అమెరికాలో తెలుగు పిల్లలకు అమ్ముకునే ఆలోచన ఉంటే ప్రాంతం తప్పక రాయాలి.

జీవితం గురించి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా. 1905లో తన సంపాదకుడు నార్మన్ వార్న్‌తో పెళ్లి కుదిరింది. వ్యాపారస్థుల ఇంటి సంబంధమని తల్లిదండ్రులకు ఇష్టం లేదు. నెల తిరక్కుండానే అతను చనిపోయాడు. ఆ ఏడే పుస్తకాల డబ్బు, కొంత వారసత్వం కలిపి ఉత్తర ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలో హిల్ టాప్ అనే పొలం కొంది. మంచి పుస్తకాలు చాలావరకు తర్వాతి ఎనిమిదేళ్లలోవే. 1913లో, నలభై ఏడో ఏట, విలియం హీలిస్ అనే లాయరును పెళ్లాడాక రాత తగ్గి గొర్రెల పెంపకం పెరిగింది. 1943 డిసెంబరు 22న చనిపోయేనాటికి 14 పొలాలు, నాలుగు వేల ఎకరాలకు పైగా భూమి, ప్రకృతినీ పాత కట్టడాలనూ కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు రాసిచ్చింది.

ఆవిడ కథనే తెలుగు చేస్తే ఎలా ఉంటుందన్నారు. భారత చట్టంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి, కాబట్టి ఆవిడ బతికుండగా వచ్చిన పుస్తకాలకు ఇక్కడ 2004 జనవరి 1 నుంచి అనుమతి అక్కర్లేదు. కానీ పీటర్ పేరు, బొమ్మలు ట్రేడ్‌మార్కులుగా వార్న్ చేతిలోనే ఉన్నాయి. పుస్తకం వరకు ఫరవాలేదు గానీ, దానితోపాటు పెన్సిల్ డబ్బాలూ టీషర్టులూ వేద్దామనుకుంటే ముందు లాయరును కలవండి.