డేటా మైగ్రేషన్‌లో ఖాళీ ఫీల్డులకి సున్నా పెట్టేయొచ్చా?

పెట్టొద్దండి. మీ బెంగళూరు కస్టమర్ల డేటా ఒరాకిల్ డేటాబేస్ నుంచి సీఎస్వీ (విలువల మధ్య కామాలు పెట్టిన టెక్స్ట్ ఫైల్) తీసి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నా అన్నారు కదా, అందులో బకాయి సున్నా అంటే కట్టాల్సిందేం లేదని, నల్ (విలువే లేని ఖాళీ ఫీల్డు) అంటే ఎంతో మనకి తెలీదని, రెండూ కలిపేస్తే యావరేజ్ కూడా తప్పొస్తుంది, ఎందుకంటే అది నల్‌ని లెక్కలోకే తీసుకోదు, సున్నాని తీసుకుంటుంది.

అసలు చిక్కు ఇంకోటుంది. ఒరాకిల్‌లో ఖాళీ స్ట్రింగ్ (ఒక్క అక్షరం కూడా లేని టెక్స్ట్) పెట్టినా అది నల్లే, పోస్ట్‌గ్రెస్‌కి రెండూ వేరు. పోస్ట్‌గ్రెస్ కాపీ కమాండ్‌తో సీఎస్వీ లోడ్ చేస్తే కామాల మధ్య ఏమీ లేకపోతే నల్, అక్కడే ఉత్త డబుల్ కోట్స్ జత ఉంటే ఖాళీ స్ట్రింగ్. అందుకే ఎక్స్‌పోర్ట్ ఫైల్‌ని ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి కళ్ళారా చూస్కోండి, కోట్స్ వస్తుంటే కాపీ కమాండ్‌లోని ఫోర్స్ నల్ ఆప్షన్‌లో ఆ కాలమ్ పేర్లిస్తే చాలు, అవి కూడా నల్‌గానే ఎక్కుతాయి.

మధ్యలో పాండాస్ (పైథాన్‌లో డేటా పనులకి వాడే లైబ్రరీ) వాడితే ఇంకా జాగ్రత్త, పిన్‌కోడ్ ఒక్క వరసలో లేకపోయినా కాలమ్ మొత్తం ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అయిపోయి మారతహళ్ళి 560037 కాస్తా 560037.0 అయి కూర్చుంటుంది, చదివేటప్పుడే ఆ కాలమ్‌కి డీటైప్ (డేటా రకం) స్ట్రింగ్ అని ఇచ్చేయండి. లోడయ్యాక వరసల కౌంట్ ఒక్కటే చూసి వదిలేయకుండా రెండువైపులా కాలమ్‌వారీగా నల్ కౌంట్ కూడా సరిచూస్కోండి.