సామాన్ల ట్రైలర్‌లో పడక

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. క్యాంపింగ్‌కి వెళ్తే అందులోనే పడుకోవచ్చని పాత 6×12 అడుగుల కార్గో ట్రైలర్ (బండి వెనక తగిలించుకునే రేకు పెట్టె) కొన్నాం. ముందు మంచం కొట్టుకోవాలా, వేడీ చలీ ఆగేలా గోడలకి ఫోమ్ వేసుకోవాలా?

జవాబు: రెండూ కాదండీ, ముందు గాలి సంగతి చూడండి. ఇద్దరు తలుపులేసుకుని పడుకుంటే తెల్లారేసరికి రేకు లోపలంతా చెమ్మ పట్టి దుప్పటి మీద చుక్కలు పడతాయి, అందుకే పైకప్పులో 14 అంగుళాల చదరం కోసి ఫ్యాన్ బిగించండి, కింద ఎక్కడో గాలి లోపలికొచ్చే దారి కూడా ఉంచండి. ఆ తర్వాతే గోడల్లోని ఇనుప బద్దల మధ్య అంగుళం మందం ఫోమ్ షీట్లు. మంచం ఎత్తుగా, కింద సామాన్లు పట్టేలా. ఇంకోటి, ఇలాంటి ట్రైలర్లలో చాలావాటికి తలుపు గడియ బయటే ఉంటుంది, ఎవరైనా సరదాకి వేసినా మీరు లోపలే! లోపల్నుంచి కూడా తెరుచుకునేలా మార్చుకోండి. గ్యాస్ స్టవ్ మాత్రం బయటే.