కూలెంట్ రంగు చూసి కొనకు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు కొన్న సెకండ్ హ్యాండ్ హ్యుందాయ్‌లో ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ ఇటుక రంగుకి తిరిగిందని, షాపతను "ఆకుపచ్చదా, ఎర్రదా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక వచ్చేశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏదో ఒకటి కొనెయ్యకుండా వచ్చేశావు, మంచి పని చేశావు. నేను ఆర్టీసీ వర్క్‌షాప్‌లో పనిచేసినన్నాళ్ళూ, వేడెక్కి ఆగిపోయిన బండి ఎందుకు ఆగిందని వెతికితే చాలాసార్లు రేడియేటర్‌లో పోసిన నీళ్ళ దగ్గరే తేలేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రంగు సంగతి మర్చిపో. కూలెంట్‌లో అసలు సరుకైన ఇథిలీన్ గ్లైకాల్‌కి రంగే లేదు. కంపెనీ వాళ్ళు తమకు నచ్చిన రంగు కలుపుతారు. ఒకే ఆకుపచ్చలో రెండు కంపెనీల మందులు పూర్తిగా వేరుగా ఉండొచ్చు. చూడాల్సింది తుప్పు పట్టకుండా అందులో కలిపే రసాయనాలు. జపాన్, కొరియా కార్ల వాళ్ళు ఫాస్ఫేట్ ఉన్నది కోరుకుంటారు, సిలికేట్ వద్దంటారు. యూరప్ వాళ్ళు చాలావరకు ఫాస్ఫేట్ వద్దంటారు, ఎందుకంటే అక్కడి సున్నం ఎక్కువున్న నీళ్ళతో ఫాస్ఫేట్ కలిస్తే పెచ్చు కడుతుంది. రెండు రకాలూ ఒకే రేడియేటర్‌లో కలిస్తే ఒకదాని రక్షణని ఇంకొకటి తినేస్తుంది. ఒక్కోసారి చిక్కటి జిగురులా తయారై సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. హ్యుందాయ్ మాన్యువల్‌లో అల్యూమినియం రేడియేటర్‌కి పనికొచ్చే ఫాస్ఫేట్ రకం ఇథిలీన్ గ్లైకాల్ అని ఉంటుంది. నీ మోడల్ పేజీ తీసి సరిచూసుకో. షాపులో అదే అడుగు, డబ్బా వెనక్కి తిప్పి అక్షరాలు చదువు. "అన్ని కార్లకూ" అని పెద్దగా రాసి, రకం మాత్రం ఎక్కడా చెప్పని డబ్బా నేనైతే ముట్టుకోను.

మన దగ్గర మంచు పడదు కదా, నీళ్ళు చాలవా అని ఎవరైనా అంటారు. వినకు. మనకి కూలెంట్ కావాల్సింది గడ్డకట్టకుండా కాదు, మరిగిపోకుండా, తుప్పు పట్టకుండా. సగం గ్లైకాల్, సగం నీళ్ళు కలిపితే మరిగే వేడి 100 డిగ్రీల నుంచి సుమారు 107కి పెరుగుతుంది. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టి బండిలో అది 120 పైకి పోతుంది. మే నెల ఎండలో, ఏసీ వేసుకుని, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఆ తేడాయే ఇంజన్‌ని కాపాడుతుంది. అలాగని చిక్కటిది నీళ్ళు లేకుండా పోసెయ్యకూడదు. వేడిని మోసేది ఎక్కువగా నీళ్ళే. మాన్యువల్ ప్రకారం గ్లైకాల్ 35 శాతానికి తగ్గకూడదు, 60 దాటకూడదు.

ఇక నీళ్ళు. ఇక్కడ మాత్రం ఎవరు చెప్పినా రాజీ పడకు. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు పొయ్యకు. మీ గీజర్ కాయిల్‌కి పట్టే తెల్లటి పెచ్చే రేడియేటర్ లోపల కూడా పడుతుంది, అక్కడ గీకడానికి వీలుండదు. ఆర్వో నీళ్ళలోనూ కొంత ఉప్పు మిగులుతుంది. మినరల్ వాటర్ పేరులోనే ఖనిజాలున్నాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఆటోమొబైల్ షాపుల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో దొరుకుతుంది, ఖరీదు కూడా తక్కువే. అదే కొను.

చాలామంది లెక్క తప్పేది మార్చేటప్పుడే. కింద ప్లగ్ విప్పితే రేడియేటర్ ఖాళీ అవుతుంది గానీ ఇంజన్ బ్లాక్‌లో, హీటర్‌లో ఉన్నది రాదు. నీ బండిలో మొత్తం 5 లీటర్లు పడుతుందనుకో, కిందికి 3 లీటర్లే వస్తుంది. పాతది ఇటుక రంగులో ఉంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంజన్ తిప్పి, చల్లారాక వదిలి, తేటగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కడగాలి. కడిగాక లోపల 2 లీటర్ల వట్టి నీళ్ళు మిగిలి ఉంటాయి. ఇప్పుడు సగం నీళ్ళు ముందే కలిపి అమ్మే డబ్బా 3 లీటర్లు పోశావంటే అందులో గ్లైకాల్ లీటరున్నరే. 5 లీటర్లకి 30 శాతం. చాలదు. అందుకే కడిగిన బండికి నీళ్ళు కలపని చిక్కటిది కొను. ముందు రెండున్నర లీటర్లు అది పోసి, మిగతా ఖాళీని డిస్టిల్డ్ వాటర్‌తో నింపు. కలిపిన డబ్బా అప్పుడప్పుడు లెవెల్ తగ్గితే పోసుకోవడానికి బాగుంటుంది.

పని పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టు. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. నా కళ్ళ ముందే కాలిన వాళ్ళున్నారు తల్లీ, ఈ ఒక్క మాట తప్పకుండా విను. ఫ్యాన్ దగ్గర కూడా చెయ్యి పెట్టకు, ఇంజన్ ఆపేసినా అది తిరగొచ్చు. ప్లాస్టిక్ ప్లగ్‌ని చేత్తో బిగిస్తే చాలు, స్పానర్‌తో బిగిస్తే పగులుతుంది. నింపాక మూత తీసే ఉంచి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి ఇంజన్ స్టార్ట్ చెయ్యి. బుడగలు వచ్చి లెవెల్ దిగుతుంటే నెమ్మదిగా పోస్తూ ఉండు. ఫ్యాన్ ఆన్ అయిందంటే మామూలుగా థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్, తెరుచుకున్నట్టే. ఇంజన్ బాగా వేడెక్కినా హీటర్ నుంచి చల్లగాలే వస్తుంటే లోపల ఇంకా గాలి ఉంది. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ ట్యాంకులో రెండు గీతల మధ్యకి వచ్చేలా సరిచెయ్యి, వారం రోజులు రోజూ ఒకసారి చూడు. మూత రబ్బరు గట్టిపడి ఉంటే కొత్తది వెయ్యి.

ఒక్కటి మాత్రం ముందే చూసుకో. పాత కూలెంట్ మీద నూనె తేలినా, పాలలా చిక్కగా కనిపించినా ఈ పని ఆపెయ్యి. అది హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్‌లో ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే సీలు, పోయిన గొడవ కావచ్చు, ముందు మెకానిక్‌కి చూపించాలి.

తీసిన కూలెంట్‌ని కాలవలో పారబొయ్యకు, పళ్ళెంలో వదిలెయ్యకు. తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు తాగేస్తాయి. కొద్దిగా తాగినా వాటి కిడ్నీలు పోతాయి, చిన్నపిల్లలకీ అంతే ప్రమాదం. మూత ఉన్న క్యాన్‌లో పోసి, పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో అడిగి ఇచ్చెయ్యి.

మాన్యువల్‌లో కెపాసిటీలున్న పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. ఎన్ని లీటర్లు కొనాలో లెక్క కట్టి చెప్తాను.

మావయ్య