నా దగ్గర 50 ఎంఎం ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) ఒక్కటే ఉంది. పోర్ట్రెయిట్లలో నాదైన స్టైల్ ఎలా వస్తుంది?

ఎడిటింగ్ ప్రీసెట్లతో (రెడీమేడ్ ఫిల్టర్లతో) రాదు. ముందు దూరం తేల్చుకోండి. ముఖం ఆకారాన్ని మార్చేది లెన్స్ కాదు, మీరు నిలబడే చోటు. మీటరు లోపలికి వెళ్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. మీటరున్నర దగ్గర ముఖం కుదురుగా ఉంటుంది. నెల రోజులు ఆ దూరంలోనే తీయండి.

అందరూ చేసే పొరపాటు ఎప్పుడూ లెన్స్ రంధ్రాన్ని బాగా తెరిచి, ఎఫ్ 1.8లోనే తీయడం. క్రాప్ సెన్సార్ (చిన్న సెన్సార్) కెమెరాతో మీటరు దూరంలో అప్పుడు స్పష్టంగా వచ్చే లోతు సుమారు 3 సెంటీమీటర్లే. తల కొంచెం పక్కకు తిప్పినా ఒక కన్ను మసకబారుతుంది. బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోతే ఎవరి ఫొటో అయినా ఒకేలా ఉంటుంది కూడా! ఎఫ్ 2.8 లేదా 4 పెట్టి, దగ్గరి కంటి మీద ఫోకస్ చేయండి. షటర్ వేగం 1/200 సెకనుకి తగ్గనివ్వకండి.

వెలుతురుకి గుమ్మాన్ని మించింది లేదు. ట్యూబ్‌లైట్ ఆర్పేసి, మనిషిని గడపకి రెండడుగులు లోపల, ముఖం బయటికి ఉండేలా నిలబెట్టండి. కళ్లలో గుమ్మం చిన్న తెల్లటి పలకలా మెరుస్తుంది. భుజం ఒక పక్కకు తిప్పిస్తే రెండో చెంప మీద నీడ పడుతుంది. ఆ నీడ ఎంత ఉంచాలన్నది మీ ఇష్టం, స్టైల్ మొదలయ్యేది అక్కడే. పచ్చరంగు గోడ దగ్గరైతే చర్మానికి ఆ రంగు అంటుతుంది, జరపండి. వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుకి తగ్గ సర్దుబాటు) ఆటోలో వదలకుండా 5200 కెల్విన్ దగ్గర ఉంచండి.

నెలాఖరున నచ్చిన 20 ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. మళ్లీ మళ్లీ కనిపించే నీడ, చూపు, ఖాళీ ఏవో రాసుకుని, వచ్చే నెల కావాలని అవే తీయండి.