ల్యాప్‌టాప్ అమ్మేసేముందు

చి. మేనకోడలికి ఆశీస్సులు.

ల్యాప్‌టాప్ అమ్మేసి ఇకమీదట టాబ్లెట్ మీదే వీడియోలు, ఫొటోలు ఎడిట్ చేసుకోవచ్చా అని అడిగావు. చేసుకోవచ్చు తల్లీ. కట్ చేయడం, రంగులు దిద్దడం, టైటిళ్లు వేయడం, ఇవన్నీ మంచి టాబ్లెట్ ఇప్పుడు సునాయాసంగా చేసేస్తుంది. సతాయించేది ఫైళ్లే. ఎక్కడ పెట్టుకోవాలో, ఎలా ఎక్కించాలో, ఎలా దించాలో ముందే తేల్చుకో.

కొనేటప్పుడు ప్రాసెసర్ కంటే ముందు పోర్ట్ (కేబుల్ గుచ్చే చోటు) వేగం చూడు. చూడ్డానికి అన్నీ యూఎస్‌బీ-సీ లాగే ఉంటాయి. 2022లో వచ్చిన పదో తరం ఐప్యాడ్‌లో ఆ పోర్ట్ వేగం యూఎస్‌బీ 2దే, సెకనుకి 480 మెగాబిట్లు. 2021 ఐప్యాడ్ ప్రోలో అది 40 గిగాబిట్ల దాకా వెళ్తుంది. కెమెరా సెకనుకి 100 మెగాబిట్ల బిట్‌రేట్‌తో 4కే వీడియో తీస్తే (ఎనిమిది బిట్లు ఒక బైట్) నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ. యూఎస్‌బీ 2 మీద అంత ఎక్కాలంటే కాగితం మీద లెక్కకే పన్నెండు నిమిషాలు దాటుతుంది, అసలు పనిలో ఇంకా ఎక్కువ. పోర్ట్ వేగంగా ఉన్నా కేబుల్ నెమ్మదిదైతే అంతే సంగతి. ఛార్జింగ్ కోసం డబ్బాలో ఇచ్చేవి చాలావరకు యూఎస్‌బీ 2 కేబుళ్లే.

స్టోరేజ్ 256 జీబీకి తగ్గకు. కార్డులోంచి ఫైల్స్ యాప్‌లోకి ఒక కాపీ, అక్కడినుంచి ఎడిటింగ్ యాప్‌లోకి ఇంకో కాపీ, ఆ పైన ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియో. 45 జీబీ కాస్తా తెలియకుండానే వంద దగ్గరకి చేరుతుంది. అందుకే ఒక ఎస్‌ఎస్‌డీని (బయట తగిలించే వేగమైన డ్రైవ్) ఎక్స్‌ఫ్యాట్‌లో (టాబ్లెట్, కంప్యూటర్ రెండూ చదివే పద్ధతి) ఫార్మాట్ చేసి పెట్టుకో. లూమాఫ్యూజన్ అనే వీడియో ఎడిటింగ్ యాప్‌లో ఎస్‌ఎస్‌డీ మీద ఉన్న క్లిప్పులని కాపీ చేయకుండా నేరుగా టైమ్‌లైన్‌లో వాడుకోవచ్చు. ఒకటే పోర్ట్ కాబట్టి ఛార్జింగ్ కూడా సాగే హబ్ (ఒక పోర్ట్‌ని చాలా పోర్ట్‌లుగా చేసేది) తీసుకో. డ్రైవ్‌లోకి ఫైళ్లు ఎక్కుతున్నప్పుడు కేబుల్ కదిలి ఊడిందంటే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఎక్కువ. హబ్‌ని గాల్లో వేలాడనివ్వకు.

ఫోన్‌తో తీసిన వీడియోలతో రెండు చిక్కులున్నాయి. ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని బొమ్మలన్నది) నిలకడగా ఉండదు కాబట్టి పొడుగు క్లిప్పుల్లో పెదాలకీ మాటకీ పొంతన తప్పుతుంది. ఫ్రేమ్ రేట్ స్థిరంగా ఉంచే కెమెరా యాప్‌తో తియ్యి. రెండోది హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల తేడాని ఎక్కువగా పట్టే వీడియో. మామూలు ఎస్‌డీఆర్ ప్రాజెక్టులో దాన్ని మార్చకుండా వేస్తే రంగులు వెలిసిపోయినట్టో, మొహాలు తెల్లగా మాడినట్టో కనిపిస్తాయి. తీసేటప్పుడే హెచ్‌డీఆర్ ఆపేస్తే గొడవే ఉండదు.

రంగులు దిద్దేముందు ట్రూ టోన్ (గది వెలుతురుని బట్టి స్క్రీన్ రంగు మార్చేది), నైట్ షిఫ్ట్ (రాత్రిపూట స్క్రీన్‌ని పసుపుగా చేసేది), ఆటో బ్రైట్‌నెస్ మూడూ ఆపు. లేకపోతే గదిలో వెలుతురో, టైమో మారినప్పుడల్లా స్క్రీన్ రంగు మారి నీ చేతే తప్పు చేయిస్తుంది.

ఎక్స్‌పోర్ట్ పెట్టాక వేరే యాప్‌లోకి వెళ్లకు. చాలా యాప్‌లలో అది మధ్యలోనే ఆగిపోతుంది. ఆటో లాక్ కూడా తీసెయ్. మామూలుగా టాబ్లెట్‌లో ఫ్యాన్ ఉండదు, వేడెక్కితే తనంతట తనే నెమ్మదిస్తుంది. కవర్ తీసి గట్టి బల్ల మీద పెట్టు, పరుపు మీద వద్దు.

ఫొటోలకైతే, నన్నడిగితే, టాబ్లెట్టే మేలు. పెన్‌తో మాస్క్ (ఫొటోలో మార్చాల్సిన భాగం చుట్టూ గీత) గీస్తే జుట్టు అంచులు కూడా చేతికి అందుతాయి, టచ్‌ప్యాడ్‌తో అది రాదు. ఒక్క జాగ్రత్త: సింక్ వేరు, బ్యాకప్ వేరు. లైట్‌రూమ్ అనే ఫొటో ఎడిటింగ్ యాప్‌లో సింకైన ఫొటో ఒకచోట డిలీట్ చేస్తే అన్నిచోట్లా పోతుంది. వీడియో యాప్‌ని డిలీట్ చేస్తే దానిలోపల ఉన్న ప్రాజెక్టులూ దాంతోనే పోతాయి. పని ముగిసిన ప్రతిసారీ ప్రాజెక్టు ఫైలునీ ఒరిజినల్ క్లిప్పులనీ కలిపి ఎస్‌ఎస్‌డీకి పంపు.

ఎక్కువ కెమెరాల వీడియోలు కలిపే మల్టీక్యామ్, బోలెడన్ని ప్లగిన్లు (యాప్‌కి అదనంగా తగిలించే టూల్స్) ఉండే పనులకి మాత్రం ల్యాప్‌టాపే నయం. ఇప్పుడే అమ్మకు. ఒక ప్రాజెక్టు మొదటినుంచి చివరిదాకా టాబ్లెట్ మీదే చెయ్యి. బ్యాకప్‌లోంచి తెరిచి చూడు, ఒక్క క్లిప్పూ తప్పిపోకుండా తెరుచుకుంటేనే కెమెరా కార్డు ఫార్మాట్ చెయ్యి.

నీ మేనమామ