లక్షా ఇరవై వేల క్వాంటమ్ కోర్సా, ఎమ్మెస్సీ ఫిజిక్సా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేసుకుంటున్నాం. మా పెద్దమ్మాయి కావలిలో డిగ్రీ చదువుతోంది, ఫిజిక్స్ మేజర్, రెండో సంవత్సరం అయిపోవచ్చింది. క్వాంటమ్ కంప్యూటర్ల మీద పనిచేస్తానని, దానికోసం ఎమ్మెస్సీలో సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ చదువుతానని అంటోంది. నెల్లూరులో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లేమో ఆరు నెలల క్వాంటమ్ కోర్సు ఉంది, ఫీజు లక్షా ఇరవై వేలు, అమరావతిలో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. బీటెక్‌లో చేర్పించి ఉంటే ఈ బాధ ఉండేది కాదు కదా అని బంధువులు అంటున్నారు. పాప ఎప్పుడూ కోహెరెన్స్, కోహెరెన్స్ అంటుంటుంది, అదేంటో నాకు అర్థం కాదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ లక్షా ఇరవై వేలు కట్టకండి. ఆరు నెలల్లో వాళ్లు నేర్పగలిగింది మహా అయితే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, కిస్కిట్. కిస్కిట్ అనేది ఐబీఎం కంపెనీ అందరికీ ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్. దాంతో రాసిన ప్రోగ్రామును నెలకు కొన్ని నిమిషాలపాటు అసలైన క్వాంటమ్ మెషీన్ మీద నడిపి చూసుకోవడానికి కూడా పైసా అడగరు. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్షకు చిన్న ఫీజు. మీ అమ్మాయి ఇంట్లో కూర్చుని వేసవి సెలవుల్లో నేర్చుకోగలిగే పని ఇది.

ఇక ఉద్యోగం గ్యారంటీ మాట. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ వస్తుందని, అందులో 156 క్యూబిట్ల (క్యూబిట్ అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటిది, కింద వివరిస్తాను) ఐబీఎం మెషీన్ పెడతారని 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ కలిసి ప్రకటించిన మాట నిజమే. కానీ అలాంటి మెషీన్‌ను తయారు చేసినవాళ్లే చూసుకుంటారు, మిగతావాళ్లు బయటినుంచి ప్రోగ్రాములు పంపి వాడుకుంటారు. ఆ ప్రోగ్రాములు రాసే ఉద్యోగాలకు కూడా కంపెనీలు మొదట అడిగేది డిగ్రీ ఏంటి, లెక్కలు ఎంత గట్టిగా వచ్చు అనే. ఏ కంపెనీలో, ఏ పోస్టులో, ఎంత జీతంతో ఉద్యోగం ఇప్పిస్తారో కాగితం మీద రాసి సంతకం పెట్టమని ఆ సెంటర్‌వాళ్లను అడగండి. ఆ ఒక్క మాటతో విషయం తేలిపోతుంది.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతికి వస్తాను. సాలిడ్ స్టేట్ అని ఆ పిల్ల పట్టుబడుతోందంటే, కిటుకు ఎక్కడుందో తెలుసుకునే అంటోంది.

మామూలు కంప్యూటర్‌లో బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ. క్యూబిట్ ఆ రెండూ ఒక నిర్దిష్టమైన లెక్కలో కలిసి ఉన్న స్థితిలో కూడా ఉండగలదు. ఆ లెక్క చెదరకుండా ఉన్నంతసేపే అది పనికొస్తుంది. చుట్టూ ఉన్న పదార్థం నుంచి కొంచెం వేడి తగిలినా, ఎక్కడో ఒక పరమాణువు కదిలినా లెక్క చెదిరిపోతుంది, చేసిన గణితం వృథా అవుతుంది. చెదరకుండా నిలిచే గుణమే కోహెరెన్స్. నిలిచినంత సేపును కోహెరెన్స్ టైమ్ అంటారు. మీకు తెలిసిన పనిలో చెప్పాలంటే, సీడు ఎంత మంచి హేచరీది తెచ్చినా చెరువులో నీళ్లు బాగాలేకపోతే పంట చేతికి రాదు కదా. క్యూబిట్ విషయంలో ఆ నీళ్లు ఏంటంటే దాని చుట్టూ ఉన్న ఘనపదార్థం. ఆ పదార్థాన్ని చదివే శాస్త్రమే సాలిడ్ స్టేట్ ఫిజిక్స్.

1999లో జపాన్‌లోని ఎన్‌ఈసీ కంపెనీ ల్యాబ్‌లో నకమురా బృందం సూపర్‌కండక్టర్ (బాగా చల్లబరిస్తే కరెంటును అడ్డు లేకుండా పోనిచ్చే పదార్థం) చిప్ మీద మొదటిసారి ఒక క్యూబిట్‌ను ఆడించి చూపింది. అది నిలిచింది కొన్ని నానోసెకన్లు మాత్రమే. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. ఇవాళ మంచి చిప్‌లలో అది వందల మైక్రోసెకన్లకు వచ్చింది. అంటే సుమారు లక్ష రెట్లు పెరిగింది. 2025లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీవాళ్లు సిలికాన్ మీద టాంటలమ్ లోహం వేసి ఒక మిల్లీసెకను దాటించారు. ఇందులో సాఫ్ట్‌వేర్ పాత్ర చాలా తక్కువ. సర్క్యూట్ రూపం మార్చడం వల్ల కొంత వచ్చింది, లోహాన్నీ దాని కింది పలకనూ శుభ్రంగా, దోషాలు లేకుండా తయారు చేయడం వల్ల ఇంకొంత వచ్చింది.

అమ్మాయి కోసం ఈ ముక్క కొంచెం వివరంగా రాస్తాను, మీరు చదివి తనకివ్వండి.

ఈ చిప్‌లకు గుండెకాయ జోసెఫ్‌సన్ జంక్షన్. రెండు అల్యూమినియం పొరల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల మందాన అల్యూమినియం ఆక్సైడ్ ఉంటుంది. ఆ ఆక్సైడ్ స్ఫటికంలా వరసగా ఉండదు, పరమాణువులు అడ్డదిడ్డంగా ఉంటాయి. వాటిలో కొన్ని రెండు స్థానాల మధ్య అటూ ఇటూ మారుతూ క్యూబిట్ శక్తిని లాగేసుకుంటాయి. లోహం పైన గాలికి పట్టిన ఆక్సైడ్‌లోనూ ఇదే గొడవ. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ స్పిన్‌ను క్యూబిట్‌గా వాడేవాళ్లకు ఇంకో చిక్కు: మామూలు సిలికాన్‌లో దాదాపు 4.7 శాతం సిలికాన్-29 ఉంటుంది, దాని కేంద్రకం చిన్న అయస్కాంతంలా ప్రవర్తించి పక్కనున్న స్పిన్‌ను చెదరగొడుతుంది. అందుకని సిలికాన్-28ను వేరుచేసి వాడతారు. అలా శుద్ధి చేసిన సిలికాన్‌లో ఫాస్ఫరస్ కేంద్రకపు స్పిన్‌ను గది ఉష్ణోగ్రతలో 39 నిమిషాలు నిలిపినట్టు 2013లో ప్రచురించారు. పదార్థం మారితే నానోసెకన్లు ఎక్కడ, నిమిషాలు ఎక్కడ!

ఇది మన నెల్లూరు ప్రాంతానికి దూరపు విషయమేమీ కాదు. సైదాపురం గనుల అభ్రకం రేడియో కెపాసిటర్లకు ఎందుకు పనికొచ్చిందంటే, మారే విద్యుత్ క్షేత్రంలో అది పోగొట్టే శక్తి చాలా తక్కువ కాబట్టి. దాన్ని కొలిచే సంఖ్య పేరు లాస్ టాంజెంట్. డిగ్రీలో డైఎలక్ట్రిక్స్ పాఠంలో వస్తుంది, చాలామంది పరీక్ష కోసం బట్టీ పట్టి వదిలేస్తారు. క్వాంటమ్ చిప్ కింది పలకకు ఏ పదార్థం వాడాలో తేల్చేటప్పుడు మొదట చూసే సంఖ్యల్లో అదొకటి.

ఒక లెక్క కూడా ఇస్తున్నాను, అమ్మాయి స్వయంగా చేసి చూడాలి. ఇలాంటి క్యూబిట్ సుమారు 5 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ప్లాంక్ స్థిరాంకాన్ని ఆ ఫ్రీక్వెన్సీతో గుణించి బోల్ట్జ్‌మన్ స్థిరాంకంతో భాగిస్తే 0.24 కెల్విన్ వస్తుంది. ద్రవ హీలియం ఉష్ణోగ్రత 4.2 కెల్విన్. ఆ చలిలో కూడా క్యూబిట్ పై శక్తి స్థాయిలో (ఒకటి) ఉండే అవకాశానికీ కింది స్థాయిలో (సున్నా) ఉండే అవకాశానికీ నిష్పత్తి 0.94. అంటే రెండూ దాదాపు సమానంగా నిండి ఉంటాయి, సున్నా ఏదో, ఒకటి ఏదో తేల్చలేం. అదే 0.02 కెల్విన్‌కు దించితే ఆ నిష్పత్తి లక్షలో ఒకటి కూడా ఉండదు. శ్రీహరికోట షార్‌లో జీఎస్‌ఎల్‌వీ రాకెట్ క్రయోజెనిక్ దశకు వాడే ద్రవ హైడ్రోజన్ 20 కెల్విన్ దగ్గర ఉంటుంది. దానికంటే వెయ్యో వంతు ఉష్ణోగ్రత ఇక్కడ కావాలి. హీలియం-3, హీలియం-4 కలిపి నడిపే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ ఎందుకో ఈ నాలుగు పంక్తుల లెక్క చెప్పేస్తుంది. ఈ లెక్క ఎవరూ చెప్పకుండా తనే చేసి, ఫ్రీక్వెన్సీ మారిస్తే ఏమవుతుందని రెండో ప్రశ్న తనే వేసుకుంటే, ఈ రంగంలోకి నిస్సందేహంగా పంపించండి.

మీరు అడగకపోయినా ఇంకో మాట. మీ ఇంట్లో ఎవరికైనా ఎంఆర్ఐ తీయించి ఉంటే, రిపోర్టులో టీ1, టీ2 అని ఉంటుంది చూడండి. క్యూబిట్ల కోహెరెన్స్‌ను కొలిచేవి కూడా ఆ పేర్లతోనే: శక్తి పోవడానికి పట్టే కాలం టీ1, లెక్క చెదరడానికి పట్టే కాలం టీ2. టీ1కి రెట్టింపు కంటే టీ2 ఎక్కువ కాలేదు. రెండుచోట్లా ఫిజిక్స్ ఒకటే. కాబట్టి ఈ చదువు ఒక్క క్వాంటమ్ కంప్యూటర్‌కే పనికొస్తుందనుకోకండి.

ఇప్పుడు దారి. అమ్మాయికి మైనర్ సబ్జెక్టు మ్యాథ్స్ ఉందా లేదా చూడండి. లేకపోతే లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు సొంతంగానైనా చదవాలి. కొన్ని సంస్థలు ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు డిగ్రీలో మ్యాథ్స్ అడుగుతాయి, అర్హత నిబంధనలు ముందే చదివి పెట్టుకోండి. తర్వాత జామ్ పరీక్ష. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి అదే దారి. ఫిబ్రవరిలో జరుగుతుంది, మూడో సంవత్సరంలో ఉండగానే రాయొచ్చు. ఫిజిక్స్ పేపర్ సిలబస్‌లో సాలిడ్ స్టేట్, ఎలక్ట్రానిక్స్‌కు ఒక విభాగం ఉంది. ఈ పరీక్షకు మన డిగ్రీ పరీక్షల తీరు పనికిరాదు. వ్యాసం రాయడం కాదు, సంఖ్య తేల్చాలి. పాత పేపర్లు ఐఐటీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఇప్పటినుంచి రోజూ కొన్ని లెక్కలు చేస్తే కోచింగ్ లేకుండా రాసేయొచ్చు. మరీ అవసరం అనుకుంటే ఆన్‌లైన్‌లో చవకగా ఉన్నవి చూడండి గానీ హైదరాబాద్‌లో హాస్టల్ పెట్టి చదివించాల్సిన పని లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, మన రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్ కూడా రాయించండి. ఒక్క పరీక్ష మీద ఆశ పెట్టుకుంటే పిల్లకు టెన్షన్ తప్ప ఒరిగేదేమీ ఉండదు.

దగ్గర్లో ఏర్పేడు వైపు ఐఐటీ తిరుపతి, సైన్స్ చదువుకూ పరిశోధనకూ పెట్టిన ఐసర్ తిరుపతి ఉన్నాయి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలల ఫెలోషిప్ ఇస్తాయి, డిగ్రీ పిల్లలు కూడా పెట్టుకోవచ్చు. ఒక వేసవి నిజమైన ల్యాబ్‌లో గడిపితే ఆ పని తనకు పడుతుందో లేదో తనకే తెలుస్తుంది. వాక్యూమ్ పంపుల శబ్దంలో రోజంతా నిలబడి, చేసిన శాంపిల్ పాడైతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఉందా అన్నదే ఇక్కడ అసలు పరీక్ష. మార్కులు దాన్ని చెప్పలేవు.

కాలం సంగతి మీకు దాచకుండా చెప్పాలి. క్వాంటమ్ హార్డ్‌వేర్‌లో గట్టిగా నిలవాలంటే పీహెచ్‌డీ కావాలి. ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆ తర్వాత అయిదారేళ్లు. కానీ పీహెచ్‌డీలో మీ చేతి డబ్బు పెట్టక్కర్లేదు. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37 వేలు, మూడో ఏడు నుంచి 42 వేలు ఇస్తున్నారు, ఇంటద్దె భత్యం అదనం. పెళ్లి ఆలస్యమవుతుందని మీ ఇంట్లో అంటారని నాకు తెలుసు. మీరు ఇప్పుడే ఆ తేదీ పెట్టుకుని చదువును దానికి సరిపెట్టకండి. ఎమ్మెస్సీ అయ్యేదాకా ఆ ప్రస్తావన తేకుండా ఉంటే పిల్ల మనసు చదువు మీద నిలుస్తుంది. పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్న ఆడపిల్లలు ప్రతి సంస్థలోనూ ఉన్నారు.

పని ఎక్కడుంటుందంటే, మన దేశంలో ఇది మొదలైపోయింది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు 6,003.65 కోట్లు ఆమోదించింది. అందులో క్వాంటమ్ కంప్యూటింగ్ కేంద్రం ఐఐఎస్సీలో, క్వాంటమ్ పదార్థాలు, పరికరాల కేంద్రం ఐఐటీ ఢిల్లీలో ఉన్నాయి. ముంబైలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్, డీఆర్‌డీఓ, టీసీఎస్ కలిసి ఆరు క్యూబిట్ల ప్రాసెసర్‌ను పరీక్షించి 2024లో ప్రకటించాయి. 2025లో బెంగళూరు కంపెనీ క్యూపీఐఏఐ 25 క్యూబిట్ల మెషీన్ తెచ్చింది. అదే ఏడాది ఫిజిక్స్ నోబెల్ క్లార్క్, డెవొరే, మార్టినిస్‌లకు వచ్చింది. చేత్తో పట్టుకోగల చిప్‌లో క్వాంటమ్ ధర్మాలు కనిపిస్తాయని 1984, 85లలో వాళ్లు బర్కిలీలో చేసిన ప్రయోగాలకు అది గుర్తింపు. అప్పటికి మార్టినిస్ పీహెచ్‌డీ విద్యార్థి.

అనుకున్నది కుదరకపోతే? ఎమ్మెస్సీ దగ్గరే ఆగినా చేతులు ఖాళీగా ఉండవు. గేట్ రాసి మెటీరియల్స్ వైపు ఎంటెక్, అక్కడినుంచి సెమీకండక్టర్ పరిశ్రమ. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శిక్షణ పథకం. ఆసుపత్రుల్లో రేడియేషన్ చికిత్స వైపు మెడికల్ ఫిజిక్స్. నెట్, సెట్ రాసి లెక్చరర్ ఉద్యోగం. వీటిలో ఏదీ రెండో రకం పని కాదు.

బీటెక్ మాట అన్న బంధువులతో వాదన పెట్టుకోకండి. సీఎస్ఈ చేసిన పిల్లలు క్వాంటమ్ సాఫ్ట్‌వేర్ వైపు రావచ్చు, అదీ మంచి దారే. కానీ కోహెరెన్స్ ఎందుకు చెదురుతోందని అడుగుతున్న పిల్లకు కావలసిన చదువు ఫిజిక్స్‌లో ఉంది, ఆమె ఇప్పటికే అందులో ఉంది.

మీరు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. జామ్ దరఖాస్తులు సెప్టెంబర్‌లో మొదలవుతాయి. మీరు ఓబీసీ అయితే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ సర్టిఫికెట్, కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఆగస్టులోపే సచివాలయంలో దరఖాస్తు పెట్టి తీయించుకోండి. రాష్ట్ర కౌన్సెలింగ్‌లకు వాడే కుల ధ్రువపత్రం అక్కడ సరిపోదు. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో కూడా ఈ నెలలోనే చూసుకోండి. తేడా ఉంటే దిద్దించడానికి టైమ్ పడుతుంది.