టెక్ సందేహాలు: రెండో ఆల్బమ్‌లో మహురి, డోలు, సింథ్

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఇంట్లో పాటలు చేసుకునేవాళ్లవే. అందుకని ఫోన్ స్టోరేజీ, ప్రింటర్ సందేహాలు వచ్చేవారానికి జరిపాను.

ప్రశ్న: మాది గుణుపురం. మొదటి ఆల్బమ్ మొత్తం ల్యాప్‌టాప్‌లో రెడీమేడ్ లూపులతో (మళ్లీ మళ్లీ తిరిగే ముక్కలతో) చేశాను. రెండోదానిలో ధెంసా (గిరిజనుల గుంపు నాట్యం) డోలు, మహురి (షెహనాయిలాంటి ఊదే వాయిద్యం), జముకుల కథ (ఉత్తరాంధ్ర జానపద కథాగానం) ధోరణిలో తెలుగు పాట, కింద ఎలక్ట్రానిక్ బేస్ కలపాలని ఉంది. వాయిద్యాలు ఊళ్లోనే రికార్డు చేసుకొచ్చాను. కానీ రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో డోలు గ్రిడ్ (తాళం గీతల) మీద నిలబడట్లేదు, మహురి ఏ కీబోర్డు స్వరంతోనూ కలవట్లేదు. క్వాంటైజ్ (దెబ్బల్ని గీతల మీదికి లాగేది), ఆటోట్యూన్ (శ్రుతిని దగ్గరి కీబోర్డు స్వరానికి లాగేది) వేసేయమంటున్నారు ఫ్రెండ్స్. వేసేయనా?

జవాబు: వద్దండీ, దయచేసి వద్దు. ధెంసాలో ఆట వేడెక్కేకొద్దీ డోలు వేగం పెరుగుతుంది, అది వాయించేవాళ్ల తప్పు కాదు, ఆ ఆట నడకే అది. దాన్ని తీసుకెళ్లి నిమిషానికి 120 బీట్ల గీత మీద అతికిస్తే మీ మొదటి ఆల్బమ్‌లోని లూపే మళ్లీ మిగులుతుంది, అంతదూరం వెళ్లి రికార్డు చేసుకొచ్చిన ఫలితం ఉండదు. ఇక్కడ సర్దుకోవాల్సింది కంప్యూటరే, అది సర్దుకోగలదు కూడా.

రీపర్‌లో ముందు డోలు, మహురి, గొంతు ట్రాకుల సెట్టింగ్స్‌లోకి వెళ్లి వాటి టైమ్‌బేస్‌ను (రికార్డింగు దేన్ని పట్టుకుని నిలబడాలో చెప్పే సెట్టింగ్‌ను) 'టైమ్' మీద పెట్టండి. ఈ ఒక్కటి మర్చిపోతే ఆ తర్వాత టెంపో మార్చిన ప్రతిసారీ రికార్డింగులు అటూ ఇటూ జరిగిపోయి తల తిరుగుతుంది. తర్వాత డోలు వింటూ నాలుగైదు ఆవర్తాలకి (తాళం చుట్లకి) ఒకటి చొప్పున, ఆవర్తం మొదటి దెబ్బ దగ్గర టెంపో మార్కర్ (అక్కడి వేగం చెప్పే గుర్తు) పెట్టుకుంటూ వెళ్లండి. ప్రతి దెబ్బకీ పెట్టకండి, అప్పుడు బేస్ కూడా వణుకుతుంది. పాట అంతా అయ్యేసరికి గ్రిడ్డే డోలు వెంట నడుస్తుంది, మీరు మిడిలో (కంప్యూటర్‌కి స్వరాలు రాసిచ్చే పద్ధతిలో) రాసే బేస్, టెంపోకి సింక్ చేసిన ఎకో అన్నీ దానితోపాటే వేగం అందుకుంటాయి. ఒక పాటకి ఒక సాయంత్రం పట్టినా పట్టొచ్చు. మొత్తం ఆల్బమ్‌లో ఇంతకన్నా విలువైన పని ఇంకొకటి ఉండదని నా నమ్మకం.

ఇక మహురి. షెహనాయిలాగే అది రెండు రేకుల పీక (రీడ్)తో ఊదే వాయిద్యం, పీక తడిని బట్టి, ఊపిరి బలాన్ని బట్టి శ్రుతి కొంచెం మారుతూ ఉంటుంది, పైగా ఎవరి మహురి శ్రుతి వాళ్లదే. రీపర్‌తో వచ్చే, శ్రుతి చూపించే రీట్యూన్ ప్లగిన్‌లో ఆధార షడ్జమం నిలిపి ఊదిన చోటు చూడండి. ఉదాహరణకి అది కీబోర్డు స్వరానికి 35 సెంట్లు పైన ఉందనుకుందాం (నల్లవాటితో కలిపి పక్కపక్క మీటల మధ్య దూరం 100 సెంట్లు). సింథ్‌లో (ఎలక్ట్రానిక్ స్వరాలు పుట్టించే ప్లగిన్‌లో) ఫైన్ ట్యూన్ ప్లస్ 35 చేయండి, షడ్జమం కూర్చుంటుంది. ఒక పాటకి సరిపోయిన అంకె ఇంకో పాటకి పనికిరాదు, ప్రతి పాటకీ విడిగా చూసుకోవాలి.

అప్పటికీ గాంధారం, ధైవతం దగ్గర గొడవ ఉండొచ్చు, ఎందుకంటే కీబోర్డు పన్నెండు స్వరాల ఖచ్చితమైన చోట్లలో మహురి నిలబడాలని ఎక్కడా లేదు. అందుకే మహురి కింద నిండు కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) పెట్టకండి. షడ్జమం, పంచమం ఉన్న డ్రోన్ (తంబూరాలా ఆగకుండా మోగే స్వరం), లోతైన బేస్ చాలు. కార్డులు వేయాలనిపిస్తే గొంతు ఒక్కటే ఉన్న చరణాల్లో వేయండి. ఆటోట్యూన్ అయితే మహురి జారుడు గమకాలని మెట్లుమెట్లుగా కోసేస్తుంది, ఒకసారి వేసి వినండి, మీకే బాధనిపిస్తుంది.

మళ్లీ రికార్డు చేసే పని పడితే: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, గట్టి దెబ్బలు కూడా రికార్డింగ్ మీటర్‌లో మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా. మహురి చాలా గట్టిగా పలుకుతుంది కాబట్టి మైకు నాలుగైదు అడుగుల దూరంలో, మహురి చివర గంటలాంటి నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి పెట్టండి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద చేయండి, 50 హెర్ట్జ్ గుయ్‌మనే శబ్దం చాలాసార్లు దాంతోనే పోతుంది. స్టీరియో ఫైలు నిమిషానికి దాదాపు 17 ఎంబీ అవుతుంది. కాపీలు రెండు వేర్వేరు డిస్కుల్లో, ఒకటి ఇంటి బయట ఉండాలి. ఆ రోజు ఆ డోలు మళ్లీ దొరకదు.

ప్రశ్న: రాయగడలో ఫోన్ వీడియోలో తీసిన పాటని ప్రాజెక్టులో వేస్తే నెమ్మదిగా, గొంతు బొంగురుగా వస్తోంది. ఫోన్ పాడైందా?

జవాబు: ఫోన్ బాగానే ఉంది, టెన్షన్ వద్దు. వీడియో ఆడియో సాధారణంగా 48 కిలోహెర్ట్జ్‌లో ఉంటుంది. దాన్ని మార్చకుండా 44.1 మీద వాయిస్తే వేగం 8 శాతం తగ్గి, శ్రుతి దాదాపు 150 సెంట్లు, అంటే నల్లవాటితో కలిపి ఒకటిన్నర మీట కిందికి దిగుతుంది. ప్రాజెక్టునీ ఆడియో ఇంటర్‌ఫేస్‌నీ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టెనీ) రెండింటినీ 48కి పెట్టండి. ఇంకోమాట, పాడినవాళ్లు మీకు ఫైలుని వాట్సాప్‌లో పంపుతుంటే డాక్యుమెంటుగా పంపమనండి, వాయిస్ మెసేజ్‌గా వస్తే నాణ్యత పోతుంది.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని పాడితే తాళం వెనకబడుతోంది. (బరంపురం)

జవాబు: బ్లూటూత్‌లో ధ్వని చెవికి చేరేసరికే సెకనులో పదోవంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోతుంది. వైరు ఉన్న, చెవిని మూసే హెడ్‌ఫోన్ కొనండి. విండోస్‌లో ధ్వని ఆలస్యాన్ని తగ్గించే ఏఎస్‌ఐఓ డ్రైవర్ వేసుకుని బఫర్ 128 శాంపిల్స్ పెట్టండి.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. డప్పు, మహురితో చేసిన మా ఆల్బమ్ విడుదలకి సిద్ధం. సౌండ్ ఎంత పెంచాలి? రెండు పాటలు ముందే సింగిల్స్‌గా వచ్చాయి, వాటి ప్లేలు పోతాయా?

జవాబు: స్పాటిఫై మామూలుగా పాటల్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత) స్థాయికి తెస్తుంది. యూట్యూబ్ గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది. లిమిటర్‌తో (శబ్ద శిఖరాల్ని నొక్కే ప్లగిన్‌తో) డప్పుని నొక్కి నొక్కి పెంచితే వాళ్లు ఎలాగూ తగ్గిస్తారు, దెబ్బలోని పదును మాత్రం తిరిగిరాదు. శిఖరం మైనస్ 1 డీబీ దాటనివ్వకండి, డప్పుకి ఊపిరాడే చోట ఆగండి.

ప్రతి రికార్డింగుకీ దాన్ని గుర్తించే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ ఉంటుంది. సింగిల్స్‌కి ఇచ్చిన కోడ్‌నే ఆల్బమ్ అప్‌లోడ్‌లోనూ ఇవ్వండి, రికార్డింగు మార్చకపోతే ప్లేలు సాధారణంగా కలిసే ఉంటాయి. అదే అప్‌లోడ్ ఫారంలో వాయిద్యకారుల గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలేయకండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం వాయించినవాళ్లకీ 50 ఏళ్ల హక్కు ఉంది, 2012 సవరణ తర్వాత వాణిజ్య వాడకంలో రాయల్టీ హక్కు కూడా. డప్పు, మహురి వాయించినవాళ్లతో ఒక పేజీ ఒప్పందం తెలుగులోనో ఒడియాలోనో, వాళ్లు చదవగలిగే భాషలో రాసుకోండి. ఎంత ఇచ్చారు, ఇకముందు వచ్చేదాంట్లో వాటా ఎంత, పేరు ఎలా వేయాలి అన్నవి అందులో ఉండాలి. పేరు స్పెల్లింగ్ వాళ్లనే అడిగి రాయండి, అప్‌లోడ్ అయ్యాక మార్చాలంటే రోజులు పడుతుంది.